కీ.శే. అన్న రెండక్షరాలు

రంపం పట్టుకునే ముందు

చెక్క మీద పేర్లు కోసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ఈ పనిలో దేనికి భయపడాలి అని అడుగుతారు. రంపపు పళ్ళు వేలికి తగులుతాయేమోనని వాళ్ళ దిగులు. రంపానికి భయపడకండి నాయనా. తగిలితే రక్తం వస్తుంది, గుడ్డ చుట్టుకుంటే ఆగుతుంది. నన్ను నిలువునా వణికించింది రెండే రెండు అక్షరాలు. రెండూ కలిపి అరచేతిలో ఇముడుతాయి. వాటిని కోసింది నేనే. కోసేటప్పుడు హాయిగా ఈల కూడా వేస్తున్నాను.

కొత్తచెరువులో బోర్డుల షాపు పెట్టి, చూపు మందగించేదాకా నడిపాను. ఎన్ని బోర్డులు చేశాను, ఎవరు శాలువా కప్పారు అనేవి రాయను. అవి వినీ వినీ మా ఇంట్లోవాళ్ళకే విసుగొచ్చింది. మీకు పనికొచ్చేవి కొన్నే ఉన్నాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు.

అక్షరం ఎక్కడ రాలిపోతుంది

స్క్రోల్ సా అనే మిషను చూడటానికి కుట్టుమిషనులా ఉంటుంది. సూది ఉండే చోట సన్నటి రంపపు బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటుంది. అందుకే మా వీధిలో దాన్ని కుట్టుమిషను రంపం అనేవాళ్ళు. బ్లేడు పక్కకు కదలదు, చెక్కనే తిప్పాలి. తొందరపడి తోస్తే బ్లేడు పుటుక్కున తెగుతుంది. కొత్తవాళ్ళందరూ తోస్తారు. చెప్పినా వినరు, నాలుగు బ్లేడ్లు పోయాక వాళ్ళే వింటారు.

మన తెలుగు అక్షరం గుండ్రంగా ఉంటుంది కాబట్టి కోయడానికి సుఖం అంటారు కొందరు. వాళ్ళెప్పుడూ కోసి ఉండరు. సున్న మధ్యలో ఖాళీ తీయాలంటే ముందు బెజ్జం వేసి, బ్లేడు ఊడదీసి, బెజ్జంలోంచి దూర్చి, మళ్ళీ బిగించాలి. ప, స, హ లాంటి వాటికి తలకట్టు ఒంటికి అంటదు. విడిగా కోయాలి. కోసిన తలకట్టు పొట్టులో పడిందంటే మోకాళ్ళ మీద కూర్చుని వెతుక్కోవాల్సిందే. ఇప్పుడు కంప్యూటరు మిషన్లు వచ్చాయి, అవే కోసిపెడతాయి. మంచిదే. కానీ ఏ పేరు కోయాలో ఆ మిషనుకు చెప్పేది మీరే గదా.

చెక్క విషయం కూడా ఒకటి గుర్తు పెట్టుకోండి. కోస్తా నుంచి వచ్చిన చెక్క మన గాలికి తట్టుకోదు. ఈ నేల మీద తేమ లేదు. అక్కడ నున్నగా ఉన్న పలక ఇక్కడ రెండు ఎండాకాలాలు చూసేసరికి నెర్రె విడుస్తుంది. పాత ఇళ్ళు పడగొట్టేచోట టేకు తలుపులు దొరికితే వదలకండి. అవి చూడాల్సిన ఎండంతా చూసేసి ఉంటాయి.

ఉస్తాద్ మాట

నాకు పని నేర్పింది గుత్తిలో హుసేన్ ఉస్తాద్. నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం బంగారం. తిట్టకుండా ఒక్కరోజు కూడా అన్నం తిన్నట్టు నాకు గుర్తు లేదు. అయినా ఆయన చెప్పిన మాట ఒకటి మా షాపులో నియమమైపోయింది. చీటీ చూసి కోయకూడదు. పని ఇచ్చేవాడి నోటితో పేరు చెప్పించుకోవాలి. చెప్పింది విని, తిరిగి వాడికే అప్పజెప్పి, అవునన్నాకే బ్లేడు బిగించాలి.

ఆ నియమం ఆయనకు ఊరికే రాలేదు. ఒకామె హోటలు పెడుతూ పేరు చీటీ మీద రాసి పంపింది. ఆమె రాత గొలుసుకట్టు. వంటశాల అన్నచోట వ చివర కాస్త పైకి లేచింది. ఉస్తాద్ దాన్ని మ అనుకుని, మంచి టేకు మీద "మల్లమ్మ మంటశాల" అని కోసి, వార్నిషు కొట్టి పంపించాడు. సాయంత్రానికి ఆమె బోర్డు చంకలో పెట్టుకుని వచ్చింది.

"ఏమప్పా సాయబూ, నేను అన్నం పెట్టేకి హోటలు పెడితే నువ్వు నిప్పు పెట్టేకి చూస్తాండావా?"

ఉస్తాద్ నోట తిట్టు రాకపోవడం అదొక్కసారే చూశాను. ఆ తర్వాత షాపుకు ఎవరొచ్చినా మొదటి మాట "ఏ పేరు? నోటితో చెప్పు" అనే. నేను కొత్తచెరువులో షాపు పెట్టాక నాకూ అదే అలవాటైంది. నిద్రలో లేపి అడిగినా ఆ మాటే అంటానని మా ఇంట్లో నవ్వుతారు.

మా ఇంట్లో నాకు పేరు లేదు

నా పేరు రంగప్ప. మా ఆవిడ నోట ఆ మాట ఇంతవరకు నేను వినలేదు. పిలిస్తే "ఇదో, నిన్నే" అంటుంది. షాపు మీద "రంగప్ప బోర్డుల షాపు" అని నేనే కోసి పెట్టాను. ఎవరైనా ఫోన్లో షాపు పేరు అడిగితే "బోర్డుల షాపు" అని చెప్పి ఊరుకుంటుంది. ఇంకా అడిగితే శ్రీరంగంలో పండుకోనుండే సామి పేరు అంటుంది.

మొగుడి పేరు తీస్తే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా వైపు ఆడవాళ్ళకు నమ్మకం. చదువుకున్న పిల్లలు ఇప్పుడు పేరు పెట్టే పిలుస్తున్నారు, వాళ్ళ మొగుళ్ళు బాగానే ఉన్నారు. నేను చాలాకాలం దాన్ని వేళాకోళంగానే చూశాను. బజార్లో జనం ముందు ఆమె చేత పేరు చెప్పించాలని ఏడిపించేవాణ్ణి కూడా. ఇప్పుడు చెప్పబోయే నల్లమాడ బోర్డు తర్వాత ఆ ఆట మానేశాను.

తిప్పేస్వామి తెచ్చిన పని

నల్లమాడ పక్క పల్లె నుంచి తిప్పేస్వామి అనే ఆయన వచ్చాడు. వేరుశెనగ సేద్యం. అన్నదమ్ములిద్దరి స్థలంలో కొత్త ఇల్లు లేస్తోంది, గృహప్రవేశానికి బోర్డు కావాలన్నాడు.

"ఏ పేరు? నోటితో చెప్పు" అన్నాను.

"కీర్తిశేషులు ఓబులేసు నిలయం. కీర్తిశేషులు అని పొడుగ్గా వద్దన్నా, కీ.శే. అని పెట్టు చాలు. మా అన్న."

తిరిగి అప్పజెప్పాను, అవునన్నాడు. నాకు ముచ్చటేసింది. ఇల్లు కట్టిన ప్రతివాడూ తన పేరు పెద్దగా, దేవుడి పేరు చిన్నగా కోయించుకునే కాలం. ఈయన చనిపోయిన అన్న పేరు పెడుతున్నాడు. ఎట్ల పోయినాడప్పా అని అడిగాను. అప్పుడు కాస్త తడబడ్డాడు.

"బోరుబండి మీద పోతాండె. ఉత్తరాన యాడనో బోర్లు వేసేకి పోయినారు. టీ తాగొస్తానని బండి దిగినాడంట, మళ్ళ ఎక్కలేదంట. ఫోటో పట్టుకొని భాష రాని ఊర్లల్లో తిరిగినా నేను. ఇన్నేండ్లకు ఇంగేం వస్తాడన్నా."

నేను అయ్యో అన్నాను, అంతే. పలక మీద గీతలు గీసుకుని, పని మొదలుపెట్టాను. మా పద్ధతిలో అక్షరాలు విడిగా కోసి పలక మీద అతికిస్తాం. ముందు కీ కోశాను, తర్వాత శే, ఆ పక్కన పెట్టే రెండు చుక్కలూ కోసి గరుకు కాగితంతో రుద్దాను. నేను ఈల వేసింది అప్పుడే.

మెట్టెలు

గృహప్రవేశం ఇంకా కొద్దిరోజులుందనగా షాపు ముందు ఒకామె వచ్చి నిలబడింది. నుదుట పెద్ద బొట్టు, చేతి నిండా గాజులు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళ మీద ఎర్రదుమ్ము. లోపలికి రమ్మంటే గడప దగ్గరే నిలబడింది.

"మాది నల్లమాడ తట్టు. నా పేరు అంజినమ్మ. మా మరిది నీ తావ బోర్డు చేసేకి ఇచ్చినాడంట."

"ఏ పేరమ్మా?"

ఆమె తల దించుకుంది. "మా ఇంటాయన పేరు."

"అదే, ఏ పేరు? నోటితో చెప్పు."

"అహోబిళం కొండ మీద ఉండే సామి పేరన్నా."

నాకు నవ్వొచ్చింది. ఆడవాళ్ళు ఇట్లా పొడుపు కథలు వేయడం కొత్త కాదు. "ఓబులేసా?" అన్నాను. తల ఊపింది. ఊపిన తర్వాత గానీ నాకు తట్టలేదు. ఓబులేసు పెళ్ళాం అయితే ఈ బొట్టేమిటి, ఈ గాజులేమిటి? కాళ్ళ వైపు చూశాను. వేళ్ళకు మెట్టెలున్నాయి. నా నవ్వు మొహం మీదే ఎండిపోయింది. అప్పటికీ నోరు ఊరుకోలేదు.

"పేరు తీస్తే ఏమైతాదమ్మా?" అన్నాను.

"ఆయుష్షు తగ్గుతాదన్నా. ఆయన యాడనో ఉండాడు. అన్నం తిన్యాడో లేదో తెలీదు. నేను పేరు కూడా తీస్తే ఎట్ల?"

ఏడుపు లేదు, కోపం లేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టే చెప్పింది.

"పేరు ముందర సచ్చిపోయినోళ్ళకు పెట్టే రెండచ్చరాలు పెట్టిస్తాండాడని ఊర్లో అనుకుంటాంటే ఇన్యా. అవి తీసెయ్యన్నా. మా మరిది చెడ్డోడు కాదు. పాపం, తిరిగి తిరిగి అలిసిపోయినాడు. కానీ గృహప్రవేశం దినం నాలుగు ఊర్లోళ్ళు వస్తారు. గుమ్మం మీద అట్ల రాసి ఉంటే, ఇంగ నీ మెడలో ఇది ఎందుకని అడుగుతారు. ఈ మెట్టెలు తీయమంటారు. నేను లేదన్యానంటే, మీ ఇంటి బోర్డే చెప్తాంది గదా అంటారు."

బల్ల మీద కోసిన అక్షరాలున్నాయి. ఆమెకు చదవడం రాదు. ఏవి అని అడిగింది. కీ, శే చూపించాను. లోపలికి వచ్చి, రెండూ తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇవేనా అన్నా? ఇంతేనా ఉండేది?"

అన్నేళ్ళుగా పేర్లు కోస్తున్నాను. తప్పు పడితే చెక్క దండగ, బ్లేడు దండగ, మహా అయితే నాలుగు తిట్లు అనుకునేవాణ్ణి. గోరంత చెక్కముక్క ఒక మనిషి కాలి మెట్టెలు ఊడదీస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఉస్తాద్ కూడా చెప్పలేదు. ఆమె బస్సెక్కి పోయాక ఆ పూట మిషను ముందు కూర్చోలేకపోయాను.

ఖాళీ

పని ఇచ్చినవాడి మాటే మాట అని ఈ వృత్తిలో అందరూ చెబుతారు. నేనూ అట్లాగే బతికాను. ఇక్కడ మాత్రం పేరు ఎవరిదో ఆయన భార్యే వచ్చి అడిగింది. తిప్పేస్వామి వచ్చినప్పుడు చెక్క చీలిందనో, అక్షరం విరిగిందనో అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పాలనే అనుకున్నాను. ఆయన మొహం చూశాక నోరు రాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"మీ వదిన వచ్చిండె. ఆ రెండచ్చరాలు నేను అతికించలేనప్పా. కావాలంటే బోర్డు ఇంకొకరి తావ చేయించుకో."

గొడవ పెట్టుకుంటాడనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నేనేమన్నా పగోడినా అన్నా ఆయమ్మకు? బండి సప్పుడు ఇనపడితే చాలు, చేతిలో ముద్ద ఇడిసిపెట్టి వాకిట్లోకి పోతాది. రాత్రి పూట తలుపుకు గొళ్ళెం వేయనీదు. మనిషి చూడు ఎట్లయిందో. ఎవురో ఒకరు చెప్పాల గదా ఇంగ రాడని. చెప్పేకి నాకు నోరు రాలేదు. బోర్డన్నా చెప్పనీలే అనుకున్యా."

ఇది రెండో దెబ్బ. ఆయన అక్షరాలు కోయించింది అన్న పేరు నిలపడానికి ఒక్కటే కాదు. తాను చెప్పలేని మాట చెక్క చేత చెప్పించాలని చూశాడు. ఆ చెక్క నా చేతిలో పెట్టాడు. ఇద్దరిలో ఎవరిది తప్పు అని ఎంత వెతికినా నాకు కనపడలేదు. తప్పున్న చోట కోప్పడవచ్చు, లేని చోట ఏం చేయాలి?

చివరికి ఆయనే లేచాడు. పలక మీద నేను గీసుకున్న గీతలు చూశాడు. ముందు కీ.శే. కు జాగా, తర్వాత పేరు.

"ఆ తావ అట్లే ఖాళీగా ఉండనీ అన్నా. పేరు నడిమికి జరపద్దు. మా వదిన ఎప్పుడు చెప్తే అప్పుడు అతికిద్దువు. నేను మాత్రం చెప్పను."

అట్లాగే చేశాను. జీవితంలో నేను చేసిన అతి వికారమైన బోర్డు అది. ఎడమ పక్క బోడిగా చెక్క, పేరంతా కుడి పక్కకు నెట్టుకుపోయి ఉంటుంది. గృహప్రవేశం రోజు నేనే పోయి గుమ్మం మీద బిగించాను. కింద నిలబడి చూసిన పెద్దమనిషి ఒకాయన ఊరుకోలేదు.

"ఏమప్పా రంగప్పా, కల్లు తాగి చేసినావా? పేరు పక్కకు పోయిండాది."

నేను నోరు తెరిచేలోపే అంజినమ్మ అందుకుంది. "ఆ తావ చెక్కలో ముడి ఉండాదంట మామా. అచ్చరం నిలబడదంట." చెబుతూనే పసుపు కుంకుమ తెచ్చి, ముక్కాలి పీట ఎక్కి, ఆ ఖాళీలో బొట్టు పెట్టింది. జనం అది కూడా ఒక పద్ధతి అనుకున్నారు. నేను సుత్తి సంచిలో వేసుకుని, ఆమె దిగేదాకా పీట పట్టుకున్నాను.

కీ, శే, రెండు చుక్కలు నా షాపులో బిస్కట్ల డబ్బాలో పడేశాను. రాలిన తలకట్లు, మిగిలిన సున్నలు ఉండే డబ్బా అది. ఆ తర్వాత ఎప్పుడైనా నల్లమాడ వైపు బస్సులో పోతే కిటికీలోంచి ఆ ఇల్లు చూసేవాణ్ణి. బోర్డు మీద బొట్టు ఎప్పుడూ కొత్తగానే ఉండేది. అది కనపడిందంటే నాకు ఆ రోజుకు ప్రాణం కుదుటపడేది. ఎందుకని అడగకండి, ఆ ఓబులేసును నేను చూసింది కూడా లేదు.

షాపు మూసే వారం

నాకు చూపు తగ్గింది. గీత మీద నడవాల్సిన బ్లేడు పక్కకు పోవడం మొదలైంది. అలాంటప్పుడు ఆపేయాలి. ఇంకో ఏడాది లాగుదాం అనుకునేవాళ్ళు వేలో, పేరో పోగొట్టుకుంటారు. మిషను ధర్మవరంలో ఒకరికి ఇచ్చేశాను. మిగిలిన సామాను సర్దుకుంటూ నేల మీద కూర్చుని ఉన్నాను. బిస్కట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పనికొచ్చే అక్షరాలు ఏరుతున్నాను.

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. వెనక ఎండ, మొహం తెలియలేదు. ఆడమనిషి అని మాత్రం తెలిసింది.

"అన్నా, బోర్డు పని రవ్వంత ఉండాది."

షాపు మూసేస్తున్నానని చెప్పాల్సింది. అలవాటు పడిన నోరు ఇంకో మాట అంది.

"ఏ పేరమ్మా? నోటితో చెప్పు."

నేను తల ఎత్తలేదు, డబ్బాలో వెతుక్కుంటూనే ఉన్నాను.

"ఓబులేసు" అనింది.

ఆ ఊళ్ళల్లో ఓబులేసులు తక్కువేం కాదు. కానీ ఆ గొంతు నాకు తెలుసు. తల ఎత్తాను. అంజినమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. నుదుట బొట్టు అట్లాగే ఉంది. చేతికి గాజులున్నాయి, కాళ్ళకు మెట్టెలున్నాయి. కాళ్ళ మీద అదే ఎర్రదుమ్ము.

"నిన్న బోరుబండి మేస్త్రి ఇంటికొచ్చినాడన్నా. ముసిలోడైపోయినాడు. మా ఇంటాయన టీ తాగేకి దిగలేదంట. బోరు వేస్తా ఉంటే ఇనప పైపు తెగి మీద పడిందంట. ఆడనే పూడ్చి, టీకి దిగిపోయినాడని మాకు అబద్ధం చెప్పినారంట. ఓబులేసు నీళ్ళడిగినాడమ్మా, ఇచ్చేలోపల పోయినాడని చెప్పి కాళ్ళ మీద పడినాడు. మా మరిదికి ఇంగా చెప్పలేదు. ముందు నీ తావకే వచ్చినా. ఆ రెండచ్చరాలు ఉండాయా? ఓబులేసు..."

"వద్దమ్మా" అన్నాను. జీవితమంతా పేరు చెప్పు, పేరు చెప్పు అని అందరినీ వేధించినవాణ్ణి, ఆమెకు చేతులెత్తి దండం పెట్టాను. "నువ్వు పేరు తీయద్దు తల్లీ."

ఆమె నా పక్కన నేల మీద కూర్చుంది. డబ్బా తన వైపు లాక్కుని, అందులోంచి కీ ఏరింది. చదువు రాకపోయినా గుర్తు పట్టింది. తర్వాత శే కోసం వెతుకుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఇంగ పేరు తీస్తే ఏమైతాదన్నా?"